ఏడు బై మూడు నెంబరింటి అత్త

అత్త పోయిందని పైపోర్షన్ అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఏడవలేదు, ఆమె మీద అరిచాను. "ఏం మాటలక్కా అవి? ఇప్పుడే కదా నాతో మాట్లాడింది!" అన్నాను. నిజానికి మాట్లాడలేదు, వాయిస్ మెసేజ్ పెట్టింది. చెన్నై షోళింగనల్లూరులో ఆఫీసు ముందు క్యాబ్ దిగుతూ విన్నాను. వానాకాలం మా అపార్ట్‌మెంట్లోకి నీళ్లొస్తే ముందుగా ఎవరి తలుపు తట్టాలో తెలియడానికి నేను కంప్యూటర్లో గడుల షీటొకటి తయారుచేసి, ఒకసారి చూసిపెట్టమని ఆమెకు పంపాను. దానికి జవాబు అది. "ఏమే పాపా, ఫ్లాటు నెంబర్ల వరస చూసినావా నువ్వు? ఆడ ఒకరింటికి రెండు లక్షలని పడి ఉండాది. ఎవరిల్లా అని చూస్తే నీదే! సాయంత్రం ఫోన్ చెయ్యి, చెప్తా." ఆమె నవ్వు వెనకాల కుక్కర్ కూత కూడా వినిపించింది.

ఆ కుక్కరే అక్కను కిందికి రప్పించింది. "కూస్తానే ఉండాది పాపా, కట్టేసేవాళ్లు లేరు. ఏందబ్బా అని దిగొచ్చి చూస్తే అత్త కుర్చీలో కూర్చోనే ఉంది. పక్కన కాఫీ గ్లాసు పెట్టుకోనుంది. పిలిస్తే పలకతా లేదు. వీధి చివర డాక్టర్ను పరిగెత్తి తోడుకొచ్చినా. గుండె అన్నాడు, అయిపోయింది అన్నాడు. సీక్రం రామ్మా."

ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని చెబితే మీరు నన్ను పిచ్చిదాన్ననుకుంటారు. సీట్లో కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, నా ఇంటి నెంబరున్న గడిని సరిచేశాను. మాది రెండో టవర్, ఇ వింగ్, ఐదో అంతస్తు. 2E5 అని కొట్టాను. పెద్ద సంఖ్యల్ని కుదించి రాసే పద్ధతి ఒకటుంటుంది కదా, షీట్ దాన్ని అదే అనుకుని రెండు లక్షలు చేసి కూర్చోబెట్టింది. సరిచేసి, "అయింది అత్తా" అని మెసేజ్ పెట్టాను. పెట్టాక గాని ఒంట్లోకి తెలివి రాలేదు. పక్క సీటాయన ఏమైందని అడిగితే ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తులేదు.

అత్తకు అరవై దాటి ఎన్నాళ్లో కాలేదు. బీపీ లేదు, షుగర్ లేదు. కిందటి ఆదివారం మా ఇంటికొచ్చి, లిఫ్ట్ ఆగిపోతే ఐదంతస్తులూ నాకంటే ముందెక్కి, పైనుంచి నన్ను వెక్కిరించిన మనిషి. సాయంత్రం ఫోన్ చెయ్యమని చెప్పి పొద్దున్నే పోవడం ఏమిటి? దుఃఖం సంగతి తర్వాత, నాకు ముందు దిమ్మతిరిగిపోయింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ దిమ్మ పూర్తిగా దిగలేదు.

అత్త అంటే మా నాన్నకు చెల్లెలు. మా వాళ్లు తెల్లదొరల కాలంలోనే మద్రాసు చేరి చూలైలో దిగారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తాత అద్దెకు తీసుకున్న పోర్షన్‌లోనే అత్త పుట్టింది, అందులోనే ఉంది, అందులోనే పోయింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, బస్సెందుకు ఎక్కలేదని అడిగినంత మామూలుగా, "తీరిక కాలా" అనేది.

ఆమె ఉద్యోగం కంటి బ్యాంకులో. రికార్డుల విభాగం ఆమె చేతిలో ఉండేది. బతికుండగా కళ్లు ఇస్తామని రాసిచ్చినవాళ్ల పేర్లు, చిరునామాలు అక్కడుంటాయి. వాళ్లు పోయాక ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తే, టీమ్ వ్యాన్‌లో ఆ ఇంటికి వెళ్లి కళ్లు తీసుకొస్తుంది. పోయిన కొద్ది గంటల్లోపే తీయాలి, ఆలస్యమైతే పనికిరావు. అంటే ఇల్లు దొరికితే ఇద్దరికి చూపు, దొరక్కపోతే లేదు. అత్త జీవితమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

చెన్నైలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, లేనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడ చాలా ఇళ్లకు రెండేసి నెంబర్లుంటాయి. ఒకటి పాతది, ఒకటి తర్వాతెప్పుడో ఇచ్చిన కొత్తది. కొత్తది వచ్చిందని పాతదాన్ని ఎవరూ వదల్లేదు. రెండూ కలిపి మధ్యలో గీత గీసి రాస్తాం. అత్త ఇంటి కొత్త నెంబరు ఏడు, పాతది మూడు, కాబట్టి 7/3. మా వీధికి నెంబర్లు మార్చినప్పుడు ఆ కొస నుంచి ఈ కొసకు తిరగేశారు. అందువల్ల వీధి అవతలి కొసన 3/7 నెంబరిల్లు కూడా ఒకటుంది. వీధేమో మోచేతిలా మధ్యలో వంగి ఉంటుంది, ఇటువాళ్లకు అటు కనపడదు. శుభలేఖలు, గ్యాస్ సిలిండర్లు, బిరియానీ పొట్లాలు ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉంటాయి.

ఇప్పుడీ 7/3ని ఏదైనా షీట్‌లో కొట్టి ఎంటర్ నొక్కి చూడండి. మార్చి ఏడు అయిపోతుంది. మీరు అడగలేదు, అయినా చేస్తుంది. ఆ షీట్ ఉన్న కంప్యూటర్ అమెరికా వాళ్ల పద్ధతిలో నెలను ముందు చదివేదైతే జూలై మూడు అవుతుంది. మామూలు మనుషులకు ఇది నవ్వుకుని వదిలేసే సంగతి. అత్తకు కాదు. దానికొక కారణముంది, అది చెబుతాను.

ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు అన్నీ కాగితం కార్డులే. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, కార్డుల్లో ఉన్నదంతా షీట్లలోకి ఎక్కించారు. కొన్నాళ్లకు పెరంబూరులో ఒక రిటైర్డ్ మాస్టారు పోయారు. ఇంట్లోవాళ్లు ఫోన్ చేశారు. వ్యాన్ బయల్దేరింది. డ్రైవర్ చేతిలోని చీటీలో వీధి పేరుంది, ఇంటి నెంబరు ఉండాల్సిన చోట మే పన్నెండు ఉంది. అది మాస్టారు రాసిచ్చిన తేదీ అనుకున్నారు. సెల్‌ఫోన్లు అందరి దగ్గరా లేని రోజులు. ఆ పొడవాటి వీధంతా అడుగుతూ తిరిగి, ఇల్లు కనుక్కునేసరికి వేళ మించిపోయింది.

"వాళ్లబ్బాయి వాకిట్లోనే నిలబడుకోనున్నాడంట పాపా," అని అత్త నాకు చెప్పింది. "మా టీమోళ్లు తల దించుకుంటే, పర్వాలేదు సార్, వచ్చినారు కదా, కాఫీ తాగి పోండి అన్నాడంట. తిట్టి ఉంటే బాగుండును."

అత్త ఆ కథ నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ ఆ కాఫీ దగ్గర ఆగిపోయేది. మర్నాడే కార్డులన్నీ మళ్లీ బయటికి తీసి, షీట్‌లో తేదీలైపోయిన ఇళ్లన్నిటినీ ఒక్కొక్కటే ఇళ్లుగా మార్చిందట. ఆ తర్వాత ఆమె కుర్చీలో ఉన్నన్నాళ్లు ఒక్క ఇల్లు కూడా తేదీ కాలేదు.

నాకు ఈ విద్య కాలేజీ సెలవుల్లో నేర్పింది. ఊరికే కూర్చోనెందుకని ఆఫీసుకు తీసుకెళ్లి పక్కన కుర్చీ వేసింది. నేను గబగబా టైపు చెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండవే. ముందు దానికి చెప్పినావా?"

"ఏం చెప్పాల?"

"ఇవి లెక్కలు కావు, తేదీలు కావు, ఉత్త రాతలు అని. వరస మొత్తం పట్టుకో. ఫార్మాట్‌లోకి పో. టెక్స్ట్ అని పెట్టు. ఇప్పుడు కొట్టు."

"కొట్టినాక మార్చుకోకూడదా?"

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టుంది. ఇంకో ఖాళీ షీట్ తెరిచి 7/3 కొట్టి చూపించింది, తేదీ అయింది. ఆ గడిని టెక్స్ట్‌గా మార్చింది. ఏడూ రాలేదు, మూడూ రాలేదు, సంబంధం లేని ఐదంకెల సంఖ్య ఒకటొచ్చి కూర్చుంది. "చూసినావా? అది లోపల దాచుకున్నది అది. నువ్విచ్చింది పారేసింది. ముందు చెప్తేనే వినేది, తర్వాత ఎంత మొత్తుకున్నా వినదు" అంది. నేను బిత్తరపోయాను. ఇచ్చింది ఇచ్చినట్టు దాచిపెడుతుందనుకున్న వస్తువు ఇంత పని చేస్తుందని అప్పటిదాకా నాకు తెలీదు.

ఒక్క గడి కోసమైతే ఇంకో ఉపాయం ఉండేది. అంకె కన్నా ముందు పైకామా పెట్టడం. ఇంగ్లీషులో అక్షరం నెత్తిన వేలాడే చిన్న కామా ఉంటుందే, అది. దాన్ని పెట్టి 7/3 కొడితే షీట్ దాని జోలికి పోదు. ఆ కామా గడిలో కనిపించదు కూడా, గడి మీద నిలబడి పైన పట్టీలో చూస్తేనే కనిపిస్తుంది. "ఇది రాత, చెయ్యి పెట్టొద్దు అని బోర్డు అది" అనేది అత్త. షీట్ గురించి మాట్లాడితే చుట్టాల్లో ఒకరి గురించి మాట్లాడినట్టే ఉండేది ఆమెకు. "చెడ్డది కాదే. తెలివిగలది, అదే దాని జబ్బు. అడక్కుండా సాయం చేసేవాళ్లని కొంచెం కనిపెట్టుకోనుండాల."

వేరేవాళ్లు పంపిన ఫైల్, ఫార్మాట్లేమీ లేని ఉత్త అక్షరాలదైతే ఇంకా జాగ్రత్త. డబుల్ క్లిక్ చేసి తెరిస్తే చాలు, తెరిచేటప్పుడే మార్చేస్తుందనేది. ముందు ఖాళీ షీట్ తెరిచి, ఇంపోర్ట్ చేసుకుని, ఏ వరస రాతో ఏ వరస లెక్కో దానికి చెప్పి అప్పుడు లోపలికి రానివ్వాలి. వచ్చింది వచ్చినట్టే ఒక కాపీ, ఎవరూ తాకకుండా, పక్కన ఉండాలి. సున్నాతో మొదలయ్యే నెంబర్లంటే ఆమెకు ప్రత్యేకమైన అభిమానం. షీట్ ఆ సున్నాను మింగేస్తుంది కదా, అందుకని. "పాపం దాన్ని లెక్కలోంచే తీసేస్తారు" అని నిజంగానే జాలిపడేది.

ఆమెను దేవతను చేసి చెప్పడం నాకు చేతకాదు. ఆ చాదస్తం మమ్మల్ని తక్కువ తిప్పలు పెట్టలేదు. ఒకసారి మా చుట్టాలందరికీ పెద్దవాళ్లతో మొదలుపెట్టి బట్టలు పెట్టే కార్యం వస్తే, వయసు ప్రకారం వరస తానే తయారుచేస్తానంది. అలవాటు కొద్దీ వయసుల్ని కూడా రాతలుగా పెట్టేసింది. రాతలకు పెద్దా చిన్నా ఏం తెలుస్తుంది, మొదటి అంకెను బట్టి నిలబడతాయి. నూరేళ్లు నిండిన మా పెద్ద తాతమ్మను తొమ్మిదేళ్ల మునిమనవడికన్నా చిన్నదాన్ని చేసి అడుగున పడేసింది. తాతమ్మ అలిగి బట్టలు ముట్టనంది. మా నాన్న పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, అత్త మాత్రం "నేను చెప్పినట్టే కదా చేసింది, దాన్నెందుకు అంటారు?" అని షీట్ తరఫున వాదించింది.

ఇంకోసారి సాయంత్రం ఆఫీసు నుంచి మైసూరుపాకు పొట్లంతో నేరుగా మా ఇంటికొచ్చింది. ఏంటి విశేషమంటే, కొత్త వర్షన్‌లో ఈ మార్చడాల్లో కొన్నింటిని ఆపేసే ఆప్షన్ వచ్చిందట. టిక్కు తీసేస్తే చాలట. "ఇన్నేళ్లకి దానికి బుద్ధొచ్చింది" అని మా అమ్మ నోట్లో మైసూరుపాకు పెట్టింది. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ తినింది. ఆ ఆప్షన్ వచ్చాక కూడా అత్త పైకామా మానలేదు. అన్ని కంప్యూటర్లలో టిక్కు తీసి ఉందని ఎవరు చూడొచ్చారని ఆమె అనుమానం.

ఇంటికి వెల్ల వేయించినప్పటి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెయింటర్ గోడంతా వేసి, నెంబరు రాయబోతే అత్త బ్రష్ లాక్కుంది. తలుపు పక్కన నల్లరంగుతో తనే పెద్దగా 7/3 అని రాసింది. ఏడుకు ముందు, పైన, తోకున్న చుక్క ఒకటి పడింది. "రంగు కారిందే అత్తా, తుడువు" అన్నాను. "కారలేదులే" అంది. ఆరిపోయింది. పైపోర్షన్ అక్క పిల్లలు దాన్ని తోకున్న కప్పపిల్ల అనేవాళ్లు. నేను ఏమీ అనుకోలేదు. గోడల మీద రంగు కారడం ఎక్కడైనా ఉండేదే.

తన కళ్లు ఇస్తానని ఆమె ఎప్పుడో రాసిచ్చింది. మాకు మాత్రం పండగలకూ పబ్బాలకూ గుర్తుచేసేది. "నేను పోతే ముందు ఏడవద్దు, ముందు ఫోన్ చెయ్యండి. ఏడుపుకి ఎంతైనా టైముంటాది." అన్నం పళ్లెం ముందు ఈ మాటేమిటని మా అమ్మ విసుక్కునేది.

ఆ రోజు క్యాబ్‌లో ఆ మాట గుర్తొచ్చింది. కంటి బ్యాంకుకు ఫోన్ చేశాను. ఎత్తినవాడు కొత్త అబ్బాయిలా ఉన్నాడు. అత్త పేరు చెబితే వెతికి, "ఉంది మేడమ్, అడ్రస్ మా రికార్డులో ఉంది, టీమ్‌ను పంపిస్తున్నాను" అన్నాడు. ఆమె అక్కడే పనిచేసిందని చెబుదామనుకునేలోపే అతను జాగ్రత్తలు మొదలుపెట్టాడు. ఫ్యాన్ ఆపేయమన్నాడు, కళ్లు మూసి తడిపిన దూది పెట్టమన్నాడు, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచమన్నాడు. అదంతా అక్కకు ఫోన్‌లో చెప్పాను. అక్క ఏడుస్తూనే అత్తను మంచం మీద పడుకోబెట్టించి ఒక్కొక్కటీ చేసింది.

ఓఎమ్‌ఆర్ రోడ్డు మీద సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ నేను చూలై చేరేసరికి వ్యాన్ వచ్చి వెళ్లిపోయి ఉంటుందనుకున్నాను. రాలేదు. అత్త మంచం మీద దూది కింద కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఎదురుగా లేత్ షెడ్డులో ఇనుము కోసే చప్పుడు. లోపలికి దుమ్ము రాకుండా తలుపు ఓరగా వేసి అక్కా నేనూ కూర్చున్నాం. చుట్టాలింకా దారిలోనే ఉన్నారు. అందరూ నాకే ఫోన్లు. ఎలా జరిగింది, ఎప్పుడు జరిగింది, నిన్న కూడా మాట్లాడానే. ఒకటి పెట్టేస్తే ఇంకొకటి. కంటి బ్యాంకుకు మళ్లీ చేస్తే ఎంగేజ్.

"పాపా, టైమైపోతా ఉండాదేమో" అంది అక్క.

నాకు పిచ్చెక్కినట్టయింది. పోవడమే నమ్మలేకుండా ఉన్నాను, పైగా ఇదొకటా? ఎవరి ఇల్లు దొరక్కపోయినా సరే, ఈమె ఇల్లు దొరక్కపోవడమా? లేచి మా వైపు వీధి మొగదాకా పరిగెత్తాను. ఆటోలున్నాయి, ఇనుప కడ్డీల బండి ఉంది, వ్యాన్ లేదు. మళ్లీ లోపలికొచ్చి అత్త చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. "అత్తా, నీ వాళ్లేరీ?" అని పైకే అడిగాను. ఇలా అడిగినందుకు నాకు సిగ్గేమీ లేదు.

అప్పుడు వీధి అవతలి వైపు ఏం జరుగుతోందో తర్వాత తెలిసింది. వ్యాన్ చాలాసేపటి క్రితమే వచ్చింది. డ్రైవర్ చీటీలో వీధి పేరుంది, ఇంటి నెంబరు దగ్గర మార్చి ఏడు ఉంది. ఇది ఏడు బై మూడా, మూడు బై ఏడా? ఏ కంప్యూటర్ మీద మారిందో తెలిస్తే గదా చెప్పగలిగేది. వ్యాన్‌కు ముందు తగిలింది అవతలి కొస, అందుకని 3/7 ముందు ఆపారు. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది, వాకిట్లో కూర్చుని మునగాకు గిల్లుతోంది. టెక్నీషియన్ పెట్టె పట్టుకుని దిగి, వినయంగా, కళ్ల కోసం వచ్చామమ్మా అన్నాడు. ఎవరి కళ్లని ఆమె అడిగింది. చీటీలో పేరు సరిగా చూడకుండానే, ఈ ఇంటి పెద్దావిడవి అన్నాడు.

తర్వాత ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆమె కొడుకులిద్దరూ చొక్కాలైనా వేసుకోకుండా బయటికొచ్చారు. బతికున్న మనిషికి అపశకునమని వీధి ఏకమైంది. డ్రైవర్ వ్యాన్‌ను మెయిన్ రోడ్డు మీదికి తీసుకుపోయి ఆపుకున్నాడు. నాకు ఫోన్ చేస్తే ఎంగేజ్, రికార్డులో ఉన్న నెంబరుకు చేస్తే అది అత్త ఫోనే. అది వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి, చప్పుడు రాకుండా ఉంది.

ఆ వ్యాన్‌లో ఒక అమ్మాయి ఉంది. తిరువొత్తియూరు నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చే తెలుగుపిల్ల, అత్త దగ్గర పని నేర్చుకుని ఆమె రిటైరయ్యాక ఆమె కుర్చీలో కూర్చున్నది. చీటీలో పేరు చూసి, నమ్మలేక, తనూ వ్యాన్ ఎక్కేసింది. ఎప్పుడూ అత్త ఇంటికి రాలేదు. ఇప్పుడు దిగి ఒక్కతే నడిచి వచ్చింది. ఆ గొడవ తర్వాత ఇక ఎవరినీ అడిగే ధైర్యం లేక, ఒక్కో గోడా చూసుకుంటూ వచ్చింది.

తలుపు మీద రెండు దెబ్బలు వినపడి చూస్తే ఆ పిల్ల. మొహమంతా చెమట.

"అక్కా, మేడమ్ ఇల్లిదే కదా?"

"ఇదే. ఎట్ట కనుక్కున్నావు?"

ఆ పిల్ల చెయ్యి పెట్టి గోడ చూపించింది. "నెంబరుకి ముందు పైకామా ఉండాదే అక్కా. ఇంకెవరు పెడతారు అట్ట?"

నేను బయటికొచ్చి చూశాను. ఇన్నేళ్లు రంగు కారిందనుకున్నాను. ఏడుకు ముందు, సరిగ్గా ఉండాల్సినంత ఎత్తులో, సరిగ్గా ఉండాల్సినంత తోకతో ఉంది. పోయిందని ఫోన్ వచ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. వ్యాన్‌కు ఫోన్ చేస్తూనే ఆ పిల్ల కూడా ఏడ్చింది.

వేళ మించలేదు. టెక్నీషియన్ తలుపు వేసుకుని పని ముగించాడు. అతను బయటికొచ్చాక వెళ్లి చూస్తే అత్త మొహం మొదట ఎలా ఉందో అలాగే ఉంది, రెప్పలు మూసి, కొంచెం గడుసుగా. ఆ రెండు కళ్లు ఎవరికి పెట్టారో చెప్పరు, అది వాళ్ల నియమం. నేనూ అడగలేదు.

వెళ్లేముందు ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి, నేలచూపులు చూస్తూ చెప్పింది. "కొత్త యాప్‌లోకి మార్చేటప్పుడు పాత ఫైల్‌ను ఉత్త అక్షరాలుగా దించినారక్కా. దాన్నెవరో డబుల్ క్లిక్ చేసి తెరిచి, సేవ్ చేసినారు. ఈ పొద్దుదాకా ఎవరూ చూడలా. మేడమ్‌దే మొదటి కేసు."

"మిగతావాళ్లవి?"

"మేడమ్ చెప్పినట్టు తాకని కాపీ ఒకటి పెట్టుకోనున్నా. ఇప్పుడే పోయి కూర్చుంటా అక్కా. సరిచెయ్యకుండా లేవను." ఇంటికి పోయి నిద్రపోమని చెప్పాలనిపించింది, చెప్పలేదు. కొన్నాళ్లకు ఫోన్ చేసింది. అన్నీ మళ్లీ ఇళ్లయ్యాయట.

కార్యక్రమాలన్నీ అయ్యాక, తాళంచెవి ఇవ్వడానికి చూలై వెళ్లాను. ఓనర్ కొత్తగా అద్దెకొచ్చేవాళ్ల కోసం రంగు వేయిస్తున్నాడు. వీధి మలుపు తిరిగి చూశాను. గోడంతా తెల్లగా ఉంది. తలుపు పక్కన అచ్చు పెట్టి వేసినట్టు 7/3 ఉంది. దాని ముందు ఏమీ లేదు.

"ఆడొక చుక్క ఉండాలే" అన్నాను పెయింటర్‌తో.

"రంగు కారిన మరకక్కా, గీకేసినా. నీట్‌గా ఉండాది కదా ఇప్పుడు?"

నల్లరంగు డబ్బాలోంచి బ్రష్ అందుకున్నాను. ఏడుకు ముందు, పైన, ఎంత ఎత్తులో ఉండేదో అంత ఎత్తులో పెట్టాను. నాకు అత్తలా చెయ్యి తిరగలేదు, రంగు ఎక్కువైంది. తోక మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. ఈసారి నిజంగానే కారింది. పెయింటర్ గుడ్డ తీసుకుని తుడవబోయాడు. వద్దన్నాను. ఎండ బాగానే ఉంది. అది ఆరేదాకా ఆ గోడ ముందే నిలబడి ఉన్నాను.